గీత లేని మాత్రలు

పోయినవారం మనం పెద్దదాన్ని ఆసుపత్రి మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. చేతిలో నాలుగు మడతల చీటీ. విప్పాలా, చింపి పారెయ్యాలా అని తేల్చుకోలేకపోతోంది. చివరికి విప్పింది. అందులో ఏముందో చెప్పేముందు, ఈ వారమే మన కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పాతవాళ్ళు ఓపిక పట్టాలి.

పెద్దది నర్సు. తలకు దెబ్బ తగిలి మెదడు అదిరినవాళ్ళు కొందరు వారాల తరబడి కోలుకోరు. తలనొప్పి పోదు, కళ్ళు తిరుగుతాయి, వెలుతురు చూడలేరు. అలాంటివాళ్ళకు బీటా బ్లాకర్ మాత్రలు, అంటే గుండె పరుగును నెమ్మది చేసే మందు, ఇస్తే తొందరగా నయమవుతుందా? ఔననేవాళ్ళు ఉన్నారు, కాదనేవాళ్ళు ఉన్నారు, తెలిసినవాళ్ళు లేరు. అది తేల్చడానికి పెద్ద డాక్టరుగారు అరవైమందితో ఒక పరిశోధన మొదలుపెట్టారు. సగంమందికి అసలు మాత్రలు, సగంమందికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రలు. ఎవరివి ఏవో రోగికి తెలియదు, నర్సుకు తెలియదు, ఆఖరికి డాక్టరుగారికీ తెలియదు. మందుల గది బీరువాలో ఉన్న అరవై సీలు కవర్లకే ఆ సంగతి తెలుసు. ప్రాణం మీదికి వస్తే తప్ప వాటిని విప్పకూడదు.

అసలు మాత్ర మింగినవాళ్ళ నాడి నెమ్మదిస్తుంది. అంటే చెయ్యి పట్టుకుని చూస్తే చాలు, ఎవరు ఏ జట్టో పసిగట్టేయవచ్చు. అందుకే ఆ గది మధ్య ఒక మందపాటి తెర కట్టారు. తెరకు అవతల నాడి మాస్టారు కూర్చుని నాడి లెక్కపెడతాడు, ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తాడు, అంకె రాసి పెట్టెలో వేస్తాడు. ఇవతల పెద్దది కూర్చుని "తలనొప్పి పదికి ఎంత?" అని అడిగి రాసుకుంటుంది. అవతలి అంకె ఇవతలికి రాకూడదు. ఇన్నాళ్ళూ ఎప్పుడూ రాలేదు.

అరవైమందిలో ఇరవైమూడో మనిషి పెద్దదాని తోడబుట్టిన చెల్లెలు. ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపరు. బంతి కోసం దూకి గోలు స్తంభానికి తల కొట్టుకుంది. సొంత మనుషుల్ని చేర్చుకోవడం మంచిది కాదని నాడి మాస్టారు మొదట్లోనే అన్నాడు. పెద్దదే డాక్టరుగారిని బతిమాలి చేర్పించింది. ఇవాళ గురువారం చిన్నది ట్రెడ్‌మిల్ మీద ఇరవై నిమిషాలు నడిచి, తెర దాటి వచ్చి, "తలనొప్పా? ఒకటి వేసుకో అక్కా. అదీ లేదనుకో," అని నవ్వి వెళ్ళింది. రేపు డాక్టరుగారు కాగితం మీద సంతకం చేస్తే ఆదివారం సెలెక్షన్ మ్యాచ్‌లో దిగుతుంది. ఆ తర్వాత నాడి మాస్టారు తెర పక్కకు తొలగించి, ఎప్పుడూ లేనిది, ఒక చీటీ పెద్దదాని చేతిలో పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

చీటీలో ఇంతే రాసివుంది: "ఇరవైమూడు. నాడి యాభైరెండు. నడిచాక కూడా తొంభై దాటలేదు. మొదటి రెండు వారాలు ఇలా లేదు. ఇంట్లో చూసుకోండి సిస్టర్."

పెద్దది ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన అమ్మ కుట్టుమిషను. అమ్మ బడి చొక్కాల జేబుల మీద బ్యాడ్జీలు కుడుతుంది. బొమ్మ మీద నీలం కార్బన్ కాగితం పెట్టి, గీత మీద గీత తిప్పి, గుడ్డ మీదికి దించి, ఆ తర్వాత దారంతో కుడుతుంది. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. ఏ బొమ్మ ఇచ్చినా వెంట్రుకవాసి తేడా లేకుండా దించగలదని షాపువాళ్ళు చెప్పుకుంటారు.

ఇవాళ మిషను ఆగివుంది. మూలన చొక్కాల మూట పడివుంది.

"మళ్ళీ తిప్పి పంపారా?" అంది పెద్దది చెప్పులు విడుస్తూ.

"షాపువాడికేం పని. కుట్టు వంకర పోయిందట. వాడి కళ్ళే వంకర," అంది అమ్మ. రెండు చేతులూ ఒళ్ళోని గుడ్డ కింద దాచుకుని కూర్చుంది. పెద్దది ఆ గుడ్డ వైపు చూడలేదు. చూసుంటే సగం కథ అక్కడే తేలిపోయేది. కానీ చీటీ చేతిలో ఉన్నవాళ్ళకు చీటీలోది తప్ప ఇంకేం కనిపిస్తుంది?

లోపలి గదిలో కర్టెన్లు వేసివున్నాయి. చిన్నది మంచం మీద కూర్చుని గ్లవ్స్‌ను తడిగుడ్డతో తుడుస్తోంది. ఆ గ్లవ్స్‌ను చిన్నది చంటిపిల్లలా చూసుకుంటుంది. ఆరు వారాలుగా తొడుక్కోకపోయినా రెండు రోజులకోసారి తుడుస్తూనే ఉంది.

పెద్దది పక్కన కూర్చుని చెల్లెలి మణికట్టు అందుకుంది. రెండో చేతికున్న గడియారం చూస్తూ నిమిషమంతా లెక్కపెట్టింది. చిన్నది చెయ్యి లాక్కోలేదు గానీ తుడవడం ఆపేసింది.

"యాభైరెండు," అంది పెద్దది.

"అయితే ఏంటి? ఆటగాళ్ళకి నాడి నెమ్మదిగానే ఉంటుందని నువ్వే చెప్పావుగా."

"ఆడేవాళ్ళకి. ఆరు వారాలు కర్టెన్లేసుకుని పడుకున్నదానికి కాదు."

"మీ మాత్రలు పనిచేస్తున్నాయేమో! సంతోషించాల్సింది పోయి పోలీసులా వచ్చి కూర్చున్నావేంటి?"

"మాత్రలు పనిచేసేవైతే మొదటి వారమే నాడి తగ్గాలి. మూడో వారం దాకా నిద్రపోయి, అప్పుడు లేచి పనిచెయ్యవు."

చిన్నది నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. అప్పుడు దాని చూపు ఒక్కసారి, రెప్పపాటు కాలం, గూట్లో ఉన్న అమ్మ మాత్రల డబ్బా మీదికి పోయి వచ్చింది. గోల్‌కీపరు కళ్ళు బంతి ఎటు వస్తుందో అటే పోతాయి. మైదానంలో ఆ అలవాటే దాన్ని కాపాడేది, ఇక్కడ అదే కొంప ముంచింది.

పెద్దది లేచి డబ్బా అందుకుంది. ఏడు రోజులకు ఏడు అరలున్న ప్లాస్టిక్ డబ్బా. అమ్మకు చేతుల వణుకు, గుండెదడ ఉన్నాయి. వాటికి ఏళ్ళ తరబడి బీటా బ్లాకరే వాడుతోంది. ఇదివరకు ప్రతి ఆదివారం పెద్దదే ఆ డబ్బా నింపేది. చిన్నది దెబ్బ తగిలి ఇంట్లో కూర్చున్నాక, "ఊరికే పడుకుని పిచ్చెక్కుతోంది" అంటే, "సరే, ఈ పనైనా చెయ్యి" అని దానికి అప్పజెప్పింది.

శుక్రవారం అర మూత తీసింది. తెల్ల మాత్ర. అమ్మ మాత్రకు నడుమ గీత ఉంటుంది. అమ్మ దాన్ని ఆ గీత దగ్గర విరిచి పొద్దున సగం, సాయంత్రం సగం వేసుకుంటుంది. ఈ మాత్రకు గీత లేదు. శనివారం అరలోదానికీ లేదు. అవి ఏ మాత్రలో పెద్దదానికి ఒకరు చెప్పనక్కర్లేదు. ప్రతి గురువారం రోగులు తెచ్చే సీసాల్లో మిగిలినవి లెక్కపెట్టేది తనే.

ఆ లెక్క ఇప్పుడు గుర్తొచ్చింది. అరవైమందిలో ప్రతి ఒక్కరి సీసాలోనూ ఒకటో రెండో ఎక్కువ మిగిలేవి. మరిచిపోవడం మనిషి గుణం, అందులోనూ తలకు దెబ్బ తగిలినవాళ్ళు. ఒక్క ఇరవైమూడో సీసాలో మాత్రం ఏనాడూ ఒక్క మాత్ర తేడా రాలేదు. "మా చెల్లెల్ని చూసి నేర్చుకోండి" అని పెద్దది ఇద్దరు ముగ్గురు రోగులతో అంది కూడా. వారానికోసారి ఏడు మాత్రలు ఒక్కసారే ఒంపుకుంటే లెక్క తప్పదు మరి.

"అమ్మ మాత్రలు నువ్వు మింగుతున్నావు," అంది పెద్దది. "నీవి అమ్మకి పెడుతున్నావు."

చిన్నది గ్లవ్స్ పక్కన పెట్టింది. కాసేపు బుకాయిద్దామా అన్నట్టు చూసి, మానుకుంది.

"నాకెందుకక్కా సుద్దముక్కలు? పక్కవాళ్ళకేమో మందు, నాకేమో సుద్ద. జట్టు ఇంకో పదిరోజుల్లో టోర్నమెంటుకి బయల్దేరుతుంది. నేను ఆ గదిలో కూర్చుని సుద్ద మింగుతూ, 'ఇవాళ ఐదు, ఇవాళ ఆరు' అని నీకు అంకెలు చెప్తూ ఉండాలా?"

"మందు పనిచేస్తుందని నీకెవరు చెప్పారే? అది తెలీకే కదా ఇంత తతంగం! పనిచెయ్యదేమో. ఇంకా చెడగొడుతుందేమో."

"చెడగొట్టేదైతే అమ్మకెందుకిస్తారు?"

"అమ్మకి ఇచ్చింది చేతులకి. నీకు దెబ్బ తగిలింది తలకి." పెద్దది డబ్బా మూత ఠపీమని వేసింది. "అసలు నీవి ఉత్తుత్తివని ఎలా తెలిసింది? కవరు బీరువాలో ఉంది. నాకే తెలీదు."

"నువ్వే చెప్పావు."

"నేనా!"

"నోటితో చెప్పలేదులే. రెండో వారంలో అన్నం తింటున్నప్పుడు ఊరికే నా చెయ్యి పట్టుకున్నావు. పట్టుకుని గడియారం చూశావు. తర్వాత నిట్టూర్చి వదిలేశావు. నాకేం అర్థం కాలేదు. నువ్వు చెయ్యి కడుక్కోడానికి లేచాక అమ్మే అంది, 'చూశావా, నాడి తగ్గలేదు, నీవి ఉత్తివే' అని."

పెద్దది మంచం మీద కూలబడింది. నిజమే. ఆ రోజు తొంభై రెండు. నర్సు చెయ్యి ఊరికే ఉండదు, ఎవరి మణికట్టు దొరికితే అది పట్టుకుంటుంది. తెర ఆసుపత్రిలో ఉంది గానీ ఇంట్లో లేదుగా. ఆసుపత్రిలో అంత నిష్ఠగా తెరకు ఇవతలే కూర్చున్న మనిషి, ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని ఆ తెరను తన చేత్తోనే చింపేసింది. ఇంతసేపూ ఎవరో చేసిన మోసాన్ని వెతుక్కుంటూ వచ్చింది, మొదటి తప్పు తనదే అయికూర్చుంది. పాపం, ఆ క్షణాన అది తన్ను తాను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాస్తే పత్రికవాళ్ళు అచ్చు వెయ్యరు.

కానీ తప్పు తనదే అనుకోగానే కోపం కాస్త దిగింది. మెల్లగా అడిగింది.

"సరే. ఇప్పుడు నిజం చెప్పు. తెర లేదు, కాగితం లేదు, నేను నర్సుని కాదు. తలనొప్పి పదికి ఎంత?"

చిన్నది గోడ వైపు చూసింది.

"ఏడు," అంది.

"పొద్దున ఒకటన్నావు."

"ఊఁ."

"పోయిన గురువారం రెండన్నావు."

"అంటే... మొదటి రెండు వారాలూ నిజమే చెప్పానక్కా. తర్వాత మాత్రలు మార్చానుగా. తగ్గుతుందిలే, ఇవాళ కాకపోతే రేపు తగ్గుతుంది, ముందే తగ్గిందని చెప్తే ఏమవుతుందిలే అనుకున్నాను. కానీ తగ్గలేదు."

ఇక్కడ పెద్దదానికి నిజంగా ఏడుపొచ్చింది. మాత్రలు మార్చినందుకు కాదు. మూడు వారాలు, మూడు గురువారాలు, బల్లకు అటువైపు తన చెల్లెలు కూర్చుని, తన కళ్ళలోకి చూసి, ఏడుని ఒకటని చెప్పింది. తను ఆ ఒకటిని అందంగా గడిలో రాసుకుంది. ఇంటికి వస్తూ దారంతా ఆనందపడింది. ఒకరోజైతే నాడి మాస్టారికి టీ కూడా ఇప్పించింది. పరాయివాడు మోసం చేస్తే నష్టపోతాం, సొంతవాళ్ళు చేస్తే వెర్రివాళ్ళమైపోతాం. ఆ వెర్రితనమే మింగుడు పడదు.

"ఇంకోసారి తలకి దెబ్బ తగిలితే ఏమవుతుందో తెలుసా నీకు? ఆదివారం ఎవరో ఒకరి మోకాలు తగులుతుంది. చాలు. ఏడుతో మైదానంలోకి దిగుతావా?"

"నాకు బంతి తప్ప ఇంకేముందక్కా?"

దానికి పెద్దది జవాబు వెతుక్కుంటూ డబ్బా వైపు చూసింది. అప్పుడు, అంత ఆలస్యంగా, అసలు సంగతి తట్టింది. ఇంతసేపూ చెల్లెలు ఏం మింగిందనే చూసింది గానీ, అమ్మ ఏం మింగిందో చూడలేదు. ఏళ్ళ తరబడి వాడుతున్న మందు. ఆపాలన్నా ఒక్కసారిగా ఆపకూడదు, కొద్దికొద్దిగా తగ్గించాలి. అమ్మకు మూడు వారాలుగా అది లేదు. వారం నుంచి "గుండె దడదడమంటోందే" అంటే, "టీ తగ్గించు" అని సలహా ఇచ్చి తను డ్యూటీకి పోయింది.

"అమ్మకి ఏమైనా అయితే?" అంది.

"నాకేం కాదు," అంది అమ్మ.

గుమ్మంలో నిలబడివుంది. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు. ఒక చెయ్యి తలుపు రెక్క మీద ఉంది. తలుపు గడియ టకటకమని చిన్నగా చప్పుడు చేస్తోంది. ఆ చెయ్యి వణుకుతోంది మరి.

"నీకు తెలుసా అమ్మా?"

"వేళ్ళకి తెలీదుటే? రోజూ గీత మీద విరిచే మాత్ర. గీత లేకపోతే ఎలా విరుగుతుంది, పిండి అయిపోతుంది. మొదటిరోజే తెలిసింది."

"తెలిసి మింగావా?"

"నాకు చేతులేగా వణికేది. దానికి తల." అమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆ నాలుగడుగులకే ఆయాసపడింది. "ఎలాగూ ఇంకో పదిరోజులే అనుకున్నాను. జట్టు వెళ్ళాక మళ్ళీ నావి నేను వేసుకుంటాను. నువ్వు ఊరికే గోల చెయ్యకు. నువ్వు నోరు మెదపకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"ఇంట్లో ఉండేది ముగ్గురం," అంది పెద్దది. "ఇద్దరు కలిసి ఒకదాన్ని మోసం చేశారు. నాకు చెప్పాలని ఒక్కరోజైనా అనిపించలేదా?"

"చెప్తే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను."

"మరి?" అంది అమ్మ, లెక్క సరిపోయినట్టు. "నీకేమే, నీ కాళ్ళ మీద నువ్వు నిలబడ్డావు. ఉద్యోగం ఉంది, నలుగురిలో మాట ఉంది. అది పడిపోయివుంది. పడినదాన్నే కదా లేపాలి ఏ తల్లయినా?"

పెద్దదానికి ఈ మాట కొత్త కాదు. చిన్నప్పటినుంచీ వింటూనే ఉంది. నువ్వు పెద్దదానివి, నీకేం, నువ్వు సర్దుకుంటావు. నిలబడ్డవాళ్ళ చెయ్యి ఎవరూ పట్టుకోరు, వాళ్ళు పడిపోతారని ఎవరికీ తోచదు. ఎప్పుడూ నవ్వుతూ విన్న మాట ఇవాళ ముల్లులా దిగింది. కానీ ముల్లు తీసుకుంటూ కూర్చునే తీరిక లేదు. అమ్మ పెదాల చుట్టూ పాలిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది.

మణికట్టు పట్టుకుంది. నూట ఇరవై ఎనిమిది. అదీ ఒక వరసలో లేదు. నాలుగు కొట్టుకుని ఒకటి మింగుతోంది, మళ్ళీ పరుగెడుతోంది.

"చిన్నదానా, చెప్పులేసుకో. ఆసుపత్రికి వెళ్తున్నాం."

"డాక్టరుకి ఏం చెప్తావు?" అంది చిన్నది. దాని మొహం తెల్లబోయింది.

"మూడు వారాలుగా ఏం మింగిందో చెప్పాలి. మొదట అడిగేది అదే. నువ్వు ఉత్తివంటున్నావు, అది నా నిట్టూర్పు చూసి కట్టిన లెక్క. నిట్టూర్పు చూసి అమ్మ ప్రాణం మీదికి తేలేను. కవరు విప్పించాలి."

"కవరు విప్పిస్తే నన్ను తీసేస్తారక్కా! రేపు సంతకం పెట్టరు. ఆదివారం దాకా ఆగు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"కవరు జోలికి పోకే," అంది అమ్మ. అంది గానీ అది బతిమాలినట్టు లేదు, భయపడినట్టు ఉంది. "ఉత్తివే అవి. నాకు తెలుసు. కవరెందుకు, ఉత్తివేనని చెప్పెయ్."

పెద్దది ఆ తేడా వింది గానీ పట్టించుకోలేదు. ఒక చేత్తో అమ్మ మణికట్టు వదలకుండా, రెండో చేత్తో ఫోను తీసి మందుల గదికి కలిపి, స్పీకరు నొక్కి ఒళ్ళో పెట్టుకుంది.

మందుల గదిలో ఉండేది కళ్ళజోడమ్మ. దూరానికొకటి, దగ్గరికొకటి, రెండు కళ్ళజోళ్ళు మెళ్ళో వేలాడదీసుకుని తిరుగుతుందని ఆ పేరు. పెద్దదాన్ని ఉద్యోగంలో చేరినరోజు నుంచీ ఎరుగును.

"మేడమ్, ఇరవైమూడో నంబరు కవరు విప్పాలి. అవసరం పడింది," అంది పెద్దది. తన ఉద్యోగానికి తనే నిప్పు పెట్టుకుంటున్నట్టు అనిపించింది. అయినా అంది.

అవతల బీరువా తాళాలు గలగలమని ఆగిపోయాయి.

"ఇరవైమూడా? మళ్ళీనా అమ్మడూ?"

"మళ్ళీ ఏంటి మేడమ్?"

"పోయిన నెల విప్పించావుగా. పేషెంటు కళ్ళు తిరిగి పడిపోయింది, అత్యవసరం, డాక్టరుగారికి నేనే చెప్పుకుంటాను అని చీటీ పంపావు. సంతకం చూసి విప్పి, ఉత్తిదే అని రాసి పంపాను. నీ చీటీ ఇదిగో, రిజిస్టరులో అంటించే ఉంది."

పెద్దది మెల్లగా తల తిప్పి చెల్లెలి వైపు చూసింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకున్నాననే అనుకుంది.

"నేను కాదక్కా!" అంది చిన్నది. నోరు తెరుచుకుని ఫోను వైపు చూస్తోంది. అబద్ధం చెప్పేటప్పుడు దాని మొహం ఎలా ఉంటుందో పెద్దదానికి ఇప్పుడే తెలిసింది. ఈ మొహం అది కాదు. "నాకా చీటీ సంగతే తెలీదు. అమ్మ నీ నిట్టూర్పు చూసి కనిపెట్టాననే చెప్పింది నాకు!"

ఫోనులో కళ్ళజోడమ్మ దగ్గరి కళ్ళజోడు పెట్టుకున్నట్టుంది. "సంతకం నీదేనమ్మా, అనుమానం లేదు. వంపులతో సహా నీదే. కలం కక్కినట్టుంది, చుట్టూ కాస్త నీలం మరక ఉందంతే. మీ అమ్మగారి చేతేగా పంపావు. పాపం ఎండలో వచ్చారు, కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను."

నీలం మరక.

ముందు గదిలో మిషను మీద కార్బన్ కాగితం కిటికీ గాలికి కొంచెం కొంచెం లేస్తోంది. ఏ బొమ్మ ఇచ్చినా వెంట్రుకవాసి తేడా లేకుండా దించే చెయ్యి. సంతకం కూడా ఒక బొమ్మే కదా. నమూనా వెతుక్కోనక్కర్లేదు, పెద్దది సంతకం పెట్టిన కాగితాలు ఇంటినిండా ఉన్నాయి. ఈ బీరువా సంగతీ, కవర్ల సంగతీ, అత్యవసరమైతే చీటీ రాసి విప్పించే పద్ధతీ, అన్నీ అన్నం దగ్గర గొప్పగా చెప్పింది కూడా తనే. అమ్మ చొక్కా జేబు మీద బొమ్మ దించుకుంటూ ఊఁ కొట్టింది.

వేళ్ళ కింద అమ్మ నాడి ఒక్కసారి ఎగిరిపడింది. అమ్మ చెయ్యి లాక్కోబోయింది. పెద్దది వదల్లేదు.

"ఉండు అమ్మడూ, డాక్టరుగారు వచ్చారు, రిజిస్టరు అడుగుతున్నారు," అంది కళ్ళజోడమ్మ. కాగితాలు తిప్పిన చప్పుడు. తర్వాత పెద్ద డాక్టరుగారి గొంతు, ఎప్పటిలా నింపాదిగా వినిపించింది.

"ఏమ్మా, నాకు తెలీకుండా కవరు విప్పారట. ఇది నీ సంతకమేనా?"

ఔనంటే తన ఉద్యోగం పోతుంది, అరవైమంది బాధ ఓర్చుకుని చెప్పిన అంకెలు బురదలో కలుస్తాయి. కాదంటే, కుర్చీలో ఆయాసపడుతున్న ఈ మనిషి దొంగ సంతకం పెట్టినట్టు తనే చెప్పినట్టు. చిన్నది గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. అమ్మ మాత్రం కూతురి మొహంలోకే చూస్తోంది. ఆ చూపులో క్షమించమని లేదు. నువ్వు సర్దుకుంటావులే అన్న పాత నమ్మకమే ఉంది. పెద్దది ఓర్చుకోలేకపోయింది దాన్నే.

"వినపడుతోందా అమ్మా? నీదేనా, కాదా?"

"నాది కాదు డాక్టరుగారూ," అంది పెద్దది. "పెట్టిన చెయ్యి ఇప్పుడు నా చేతిలోనే ఉంది. మూడు వారాలుగా దానికి మందు లేదు. నాడి నూట ఇరవై ఎనిమిది, వరస తప్పి కొట్టుకుంటోంది. ముందు అంబులెన్సు పంపండి. మిగతాదంతా వచ్చి చెప్తాను, ఒక్క ముక్క దాచను."

డాక్టరుగారు ఏదో అన్నారు. చిన్నది ఒక్కసారిగా "అమ్మా!" అని అరిచింది. పెద్దదానికి ఆ రెండూ సరిగా వినపడలేదు. ఆమె ధ్యాసంతా వేళ్ళ మీద ఉంది. అమ్మ మణికట్టు ఉన్నట్టుండి బరువెక్కింది, తల కుర్చీ వీపు మీదికి వాలిపోయింది.

పెద్దది వేళ్ళు కాస్త పైకి జరిపి వెతికింది. ఇంకాస్త గట్టిగా నొక్కి వెతికింది.

నాడి దొరకలేదు.